ఊపిరి లేనివి

వేట నిషేధం రోజుల్లోనే మాకు వేట.
బోట్లన్నీ ఒడ్డెక్కి పొట్టలు ఎండబెట్టుకుంటూ పడుంటే
జిలానీ సాయిబు వెనక రంగు డబ్బాలు మోసేవాణ్ణి,
పద్నాలుగేళ్ళ జాలరి పిల్లాణ్ణి,
బడి మానేసి మూడు నెలలు.

ఫిషింగ్ హార్బర్లో ఆయన చెయ్యి పడని బోటు లేదు.
పేరు రాస్తే అక్షరం చెక్కని కొరికి పట్టుకునేది.
'ళ' చూసి, చుట్టుకున్న రొయ్యలా ఉందన్నాను ఒకసారి.
ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.
మర్నాడు చెరిపేసి మళ్ళీ రాశాడు, రొయ్య కనబడకుండా.

ఊపిరున్న దేన్నీ గియ్యడు.
అమ్మోరి బొమ్మ అడిగితే
"పక్క జెట్టీలో ఎల్లాజీ ఉన్నాడు, మంచి చెయ్యి"
అని పంపేసేవాడు, ఆ పూట కూలి పోయినా సరే.

"ఎందుకు సాయిబూ?"
టర్పెంటైన్లో కుంచె జాడిస్తూ చెప్పాడు:
"మా తాత చెప్పాడ్రా. ఆఖరి రోజున పైవాడు అడుగుతాడంట,
గీశావు కదా, ఇప్పుడు ప్రాణం పొయ్యి, అని.
ఎక్కణ్ణుంచి తేను? నాకున్నదే చాలక
ఈ పంపు జేబులో పెట్టుకు తిరుగుతున్నా."
ఉబ్బసం పంపు. నీలం రంగుది.
నవ్వితే దగ్గొచ్చేది ఆయనకి, దగ్గితే నవ్వొచ్చేది.

మరింకేం మిగిలింది గియ్యడానికి?
చేపని తీసేస్తే నీళ్ళు.
కొంగని తీసేస్తే గాలి.
నేనింకా లెక్కపెడుతూ ఉండగానే
ఆయన అల గీసేస్తున్నాడు.

ముప్ఫయ్యేళ్ళు అలలే.
యారాడ కొండ నీడ పడ్డ నీలం వేరు,
ఇనప ధూళి తేలే ఛానల్ నీలం వేరు.
వాన ముందు బొగ్గుతట్టలా నల్లబడే సముద్రానికైతే
డబ్బా మూతలో మూడు చుక్కల ఎరుపు కలిపేవాడు.
"ఎరుపెందుకు?"
"కనపడదు. ఉండాలి."
వద్దనుకున్నవాటి వల్లే ఆయనకి సముద్రం దొరికిందని
చాలా కాలానికి గానీ నాకు తట్టలేదు.

తుఫాను తర్వాతి ఏడు
సూరాడ పైడమ్మ కొత్త బోటు దించింది.
పాతది జెట్టీకి కొట్టుకుని రెండు ముక్కలయింది.
"కళ్ళెయ్యి సాయిబూ. కళ్ళు నేకపోతే
దానికి తోవెలా కనబడతాది?"
ఆయన చాలాసేపు బోటు ముక్కు నిమిరాడు.
రెండు గుండ్రాలు వేశాడు, తెల్లగా, ఉత్తవి.
కుంచె నా చేతిలో పెట్టి అటు తిరిగి నిలబడ్డాడు.
"నీకు పర్లేదు కదా. చుక్క పెట్టు."

పెట్టాను.
బోటు నన్ను చూసింది.
ఇది దేవుడి దగ్గర దొంగలెక్క కాదా అని అడగబోయి
ఆయన చెవులు ఎర్రబడి ఉండటం చూసి ఊరుకున్నాను.

ఇంకో సాయంత్రం, పోటు వేళ,
జెట్టీ అంచున కూర్చుని పంపు పీలుస్తూ అన్నాడు:
"ఒరే, చూడు. పైకొస్తంది. దిగుతంది. మళ్ళీ పైకొస్తంది."
కాసేపాగి,
"ఇదీ తీస్తందిరా ఊపిరి.
ముప్ఫయ్యేళ్ళుగా ఏం గీశాన్రా నేను?"
నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

నాలుగు రోజులు పనికి రాలేదు.
పాతనగరం మసీదులో ఎవరో పెద్దాయన్ని అడిగాడట.
"నీళ్ళు నీళ్ళే, పోయి పని చూసుకో" అన్నాడట ఆయన.
తలూపి వచ్చేశాడు గానీ
తల ఒక్కటే ఊగినట్టుంది.

ఐదోనాడు అల గీశాడు, ఎప్పట్లాగే, నురగ దాకా.
నురగ కింద బొటనవేలంత చోటు వదిలేశాడు.
రంగు లేదు, ప్రైమరూ లేదు, వట్టి చెక్క.
"ఇదేంటి సాయిబూ?"
"నాది కాదు."

ఇప్పుడు డబ్బాలూ కుంచెలూ నావి.
చేపలు, కొంగలు, అమ్మోరు, సినిమా హీరోలు,
చచ్చిపోయిన తండ్రుల ముఖాలు,
ఏదడిగితే అది కళ్ళతో సహా వేస్తాను.
అల గీసేటప్పుడు మాత్రం అక్కడ ఆగిపోతాను.
నాకా నమ్మకం లేదు. చేతికుంది.

నిన్న పైడమ్మ కొడుకొచ్చి కేకలేశాడు:
"చెక్క కనబడతంది, ఉప్పునీళ్ళు దిగిపోతాయి,
డబ్బులు తీసుకుని ఇదేటి సగం పని?"
రంగు లేని వార్నిష్ తెచ్చి ఒక కోటు వేశాను.
నీళ్ళు దిగవు ఇంక.
చోటు కనబడుతూనే ఉంది.